స్కూబా ట్యాంకు లెక్కలు తప్పు పోకుండా చేయడం ఎలా

ముందు ఒక మాట. అందరూ ఆక్సిజన్ సిలిండర్ అనేస్తారు గానీ మామూలు డైవింగ్ ట్యాంకులో ఉండేది మనం పీల్చే గాలే, కంప్రెసర్‌తో కుక్కి నింపుతారు అంతే. ఇంటర్‌లో ఈ లెక్కలు వస్తే మనోళ్లు చేసే పని, చూడగానే పి1వి1 = పి2వి2 (టెంపరేచర్ మారకపోతే ప్రెజర్ × వాల్యూమ్ మారదనే బాయిల్ సూత్రం) రాసేసి అంకెలు పడేయడం. అలా కాదు, ఏది మారట్లేదో ముందు చూస్కోవాలి. ట్యాంకు స్టీలుదో అల్యూమినియందో, మూత బిగించి ఉన్నంతసేపు దాని వాల్యూమ్ మారదు. గాలి బయటికొచ్చాక మారేది వాల్యూమే.

12 లీటర్ల ట్యాంకు, గేజ్ (ప్రెజర్ చూపించే మీటరు) మీద 200 బార్ అనుకుందాం, 1 బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ప్రెజర్ అంత. గేజ్ చూపించేది బయటి గాలి కంటే ఎంత ఎక్కువుందో అది, కాబట్టి అసలు ప్రెజర్ 201. నీళ్ల పైన, 1 బార్ దగ్గర ఈ గాలి మొత్తం 201 × 12 = 2412 లీటర్లు. కానీ చివర్లో గేజ్ సున్నా చూపించినా ట్యాంకులో 12 లీటర్లు మిగిలే ఉంటుంది, అది బయటికి రాదు. అంటే వాడుకోడానికి 2400, అదే 200 × 12. చూశారా, గేజ్ అంకెతో డైరెక్ట్‌గా గుణించినా సరైన ఆన్సరే వచ్చింది, ఎందుకొచ్చిందో తెలీకుండా వాడితే మాత్రం తర్వాతి లెక్కలో దెబ్బ తింటారు.

ఇప్పుడు నీళ్లలోకి. సముద్రంలో ప్రతి 10 మీటర్లకి సుమారు 1 బార్ పెరుగుతుంది, పైన ఉన్న 1 బార్ ఎలాగూ ఉంది, కాబట్టి 20 మీటర్ల దగ్గర 3 బార్ (2 కాదు, ఇక్కడే సగం మంది పోతారు). పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చేవాడు అక్కడ కూడా 20 లీటర్లే పీలుస్తాడు గానీ ఆ గాలి మూడింతలు ఒత్తుకుని ఉంటుంది, పై లెక్కలో అది 60 లీటర్లు. 200లో 50 బార్ అవసరానికి రిజర్వ్‌గా వదిలేస్తే వాడేది 150 × 12 = 1800, అరవైతో భాగిస్తే 30 నిమిషాలు. దిగడానికీ ఎక్కడానికీ పట్టే టైమ్ ఇందులో కలపలేదు, కాబట్టి నిజం డైవ్‌కి దీన్ని నమ్ముకుని దిగకండి.

టెంపరేచర్ లెక్కకొద్దాం, నేను బాగా తన్నులు తిన్నది ఇక్కడే. గబగబా నింపితే ట్యాంకు వేడెక్కుతుంది, చెయ్యి పెడితే తెలుస్తుంది. 57 డిగ్రీల దగ్గర గేజ్ 200 చూపించింది, చల్లారి 27కి వచ్చింది, ఇప్పుడెంత? నేను 200 × 27 / 57 వేసి 95 బార్ అని రాశా. కొంచెం ఆలోచిస్తే తెలిసేది, ఎక్కడా లీకు లేకుండా సగం ప్రెజర్ ఎలా పోతుంది! కెల్విన్‌లోకి మార్చాలి (సెల్సియస్‌కి 273 కలపాలి), 330 నుంచి 300. ప్రెజర్ కూడా గేజ్‌ది కాదు, అసలుది. 201 × 300 / 330 = 182.7, ఒకటి తీసేస్తే గేజ్ మీద దాదాపు 182. గాలి ఎక్కడికీ పోలేదు, చల్లారిందంతే.

ట్యాంకులో గాలి బరువు అడిగితే పీవీ = ఎన్ఆర్‌టీ (ప్రెజర్ × వాల్యూమ్ = మోల్స్ సంఖ్య × ఆర్ అనే స్థిరాంకం × కెల్విన్ టెంపరేచర్). ఆర్ విలువ బార్, లీటర్లలో 0.083, కాబట్టి మొదటి లెక్కలోని ట్యాంకు 27 డిగ్రీల దగ్గర ఉందనుకుంటే, 2412ని 0.083 × 300తో భాగిస్తే సుమారు 97 మోల్స్, మోల్‌కి 29 గ్రాముల లెక్కన 2.8 కిలోలు. ఇంత ప్రెజర్‌లో నిజం గాలి ఐడియల్ ఫార్ములాని కొంచెం తప్పుతుంది, పరీక్షలో మాత్రం అది పట్టించుకోనక్కర్లా. గాలికి బరువేంటి అనుకుంటాం గానీ డైవ్ చివరికి ఇందులో చాలావరకు పీల్చేసి ఉంటారు, బాగా ఖాళీ అయిన అల్యూమినియం ట్యాంకు నీళ్లలో పైకి తేలిపోతుంటుంది, అందుకే నడుముకి కట్టే సీసం బరువులు ఆ చివరి నిమిషాల్ని లెక్కేసుకుని కడతారు.