మంటల మీద డ్రోన్లు, 4వ పాఠం: ఎవరి ఎత్తు వాళ్లది

ఈసారి థర్మల్ కెమెరా చెబుతానన్నాను. పోయిన వారం లెక్కకు మీరు పంపిన జవాబులు చూశాక దాన్ని పక్కన పెట్టేశాను. లెక్క ఇది: హుస్సేన్‌సాగర్ మీద హెలికాప్టర్ ఆల్టీమీటర్ (పైలట్‌కు ఎత్తు చూపే మీటరు) 2,000 అడుగులంటోంది, ఒడ్డున లేపిన డ్రోన్ తెర 95 మీటర్లంటోంది, రెంటి మధ్య ఎత్తులో ఖాళీ ఎంత? "హెలికాప్టర్ 610లో ఉంది, డ్రోన్ 95లో ఉంది, మధ్యలో 515 మీటర్ల ఖాళీ" అని చాలామంది రాశారు. అసలు ఖాళీ సుమారు ఒక్క మీటరు.

హుస్సేన్‌సాగర్ పూర్తిగా నిండితే నీటిమట్టం సముద్ర మట్టానికి 513.41 మీటర్లు. పైలట్ ఆల్టీమీటర్‌లో 2,000 అడుగులుంటే అది సముద్రం నుంచి లెక్క, 609.6 మీటర్లు, అంటే మీరు రాసిన 610. (నేను మూడుతో గుణించి ఒక సున్నా కొట్టేస్తాను, 600 వస్తుంది. చేతిలెక్కకు చాలు, ఇలాంటి చోట చాలదు.) 609.6లోంచి 513.41 తీసేస్తే నీళ్ల మీద సుమారు 96 మీటర్లే. నీళ్ల అంచున లేపిన మన డ్రోన్ రిమోట్ తెర మీద ‘హెచ్’ పక్కన 95 చూపిస్తోంది.

ఆ ‘హెచ్’ నేల నుంచి కాదు బాబూ! డ్రోన్ లేచిన చోటు నుంచి. నన్ను విసిగించేది ఇదే. గోల్కొండ గుట్ట దాదాపు 120 మీటర్లు. పైన బాలాహిస్సార్‌లో డ్రోన్ లేపి, తెర మీద 30 ఉండగా కోట దాటించారనుకోండి. కింద మైదానానికి అది 150 మీటర్లు. గ్రీన్ జోన్‌లో (డ్రోన్ల పటంలో ఆకుపచ్చగా చూపే చోట) అనుమతి లేకుండా ఎగరగలిగే 120 మీటర్లు ఎప్పుడో దాటేశారు, తెర మాత్రం 30 అంటూనే ఉంటుంది. తిరగేస్తే ఇంకా ఘోరం. గుట్ట కింద లేపి 130లో పైకి తీసుకెళ్తే కొసన మిగిలేది పది మీటర్లు. నల్లమల వాలులో అయితే చెట్టుకొమ్మల్లోకే. ఇదంతా కాగితం మీదే చేయండి, కోటలో డ్రోన్ తీయకండి.

అడవి మంటల మీద విమానాలనూ డ్రోన్లనూ కలిపి నడిపే దారి వెతికే నాసా ఏసెరో ప్రాజెక్టు కుస్తీ పడుతున్నదీ ఆకాశంలో ఎవరు ఎక్కడున్నారన్న దాంతోనే. పొగ కమ్మితే పైలట్లున్న విమానాలు ఆగిపోతాయి, ఆ వేళలో డ్రోన్లు పని చేయాలన్నది ఆలోచన. 2025 మార్చిలో కాలిఫోర్నియాలోని సాలినాస్ దగ్గర ఒక పెట్టెను పరీక్షించారు. విమానంలో చేత్తో తీసుకెళ్లే సూట్‌కేసంత ఉంటుంది. లోపల కంప్యూటర్, తోటి పెట్టెలతో మాట్లాడే రేడియో, చుట్టుపక్కల విమానాల సిగ్నల్ పట్టే రిసీవర్. అందరినీ ఒకే పటం మీద చూపాలంటే అందరి ఎత్తూ ఒకే చోటి నుంచి కొలవాలి కదా. అంతకు రెండు నెలల ముందే లాస్ ఏంజెలెస్ మంటల్లో ఎవరిదో డ్రోన్ తగిలి, నీళ్లు చల్లే విమానం రెక్కకు రంధ్రం పడింది. ఆ విమానాన్ని ఎగరకుండా పక్కన పెట్టేశారు.

అభ్యాసం మరిచిపోయాను. భువన్‌లో (ఇస్రో పటాల సైటు) మీ ఊరి గుట్ట తీసి, కింది నుంచి కొస దాకా పది బిందువుల ఎత్తు రాసుకోండి. గుట్ట కింద లేపిన డ్రోన్ ప్రతి బిందువు దగ్గరా నేలకు సరిగ్గా 60 మీటర్ల పైన ఉండాలంటే ‘హెచ్’ ఎంత, ఆల్టీమీటర్‌లో ఎన్ని అడుగులు? క్యాలిక్యులేటర్ వద్దు.