బొమ్మ మీద నొక్కినా తెరుచుకోని ప్రోగ్రాము: నా అనుభవం

చూపు మందగించిన మా నాన్నగారు చిన్న ఐకాన్లను పోల్చుకోలేకపోతున్నారని, విండోస్ డెస్క్‌టాప్ మీద రెయిన్‌మీటర్‌తో (డెస్క్‌టాప్‌ను మనకు నచ్చినట్టు తీర్చుకునే సాఫ్ట్‌వేర్) పెద్ద బొమ్మలు అమర్చి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క ప్రోగ్రామును జతచేశాను. బ్రౌజరుకు పెట్టిన నిండు భూగోళం ప్రతిసారీ పనిచేసేది. ఫొటోల కోసం పెట్టిన, సన్నని గీతల కెమెరా బొమ్మ మాత్రం నాలుగుసార్లు నొక్కితే ఒకసారి పలికేది. "లెఫ్ట్‌మౌస్‌అప్‌యాక్షన్" వరుసలో, అంటే నొక్కితే ఏది తెరుచుకోవాలో చెప్పే చోట, నేను రాసిన ఫైలు దారి సరిగ్గానే ఉంది. మౌస్ బాణాన్ని బొమ్మ మీద మెల్లగా కదిపినప్పుడు, గీత మీద ఉన్నంతసేపు అది చేతి గుర్తుగా మారి, గీతల నడుమ ఖాళీలోకి రాగానే మళ్ళీ బాణమైపోవడం గమనించాను. పూర్తిగా పారదర్శకమైన పిక్సెళ్ళ మీద పడిన క్లిక్కును ఈ సాఫ్ట్‌వేర్ అందుకోదు. అది లోపం కాదు, వెనుకనున్న వాటిని నొక్కనిచ్చే ఏర్పాటు. ఈ అమరికను రాసుకున్న ఐఎన్ఐ ఫైలులో, ఆ బొమ్మకు చెందిన విభాగంలో "సాలిడ్‌కలర్=0,0,0,1" అని చేర్చి, స్కిన్‌ను, అంటే ఆ బొమ్మల అమరికను, రిఫ్రెష్ చేశాను. రంగు ఎంత చిక్కగా కనిపించాలో చెప్పే చివరి అంకె 255కు 1 మాత్రమే గనుక ఆ రంగు కంటికి ఆనదు గానీ, బొమ్మ పరచుకున్న చోటంతా క్లిక్కును అందుకుంటుంది. బొమ్మ కింద తెలుగులో రాసిన పేరు చెదిరిపోతే, ఆ ఐఎన్ఐ ఫైలును నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-16 ఎల్ఈ ఎన్‌కోడింగుతో (అక్షరాలను ఫైలులో భద్రపరిచే ఒక పద్ధతి) సేవ్ చేయాలి. ఆ సాయంత్రం నాన్నగారు మనవరాలి ఫొటోలను ఎవరినీ పిలవకుండా తామే తెరిచి చూసుకున్నారు.