ఇంగ్లండ్‌లో సర్జరీకి రమ్మంటే కంగారు పడకండి

ఇంగ్లండ్ వచ్చిన మూడో వారంలో తెనాలికి ఫోన్ చేసి, మాటల మధ్యలో "మంగళవారం సర్జరీకి వెళ్లాలమ్మా" అన్నాను. మా వారి నోట వారం రోజులుగా విన్న మాటే అది, ఆలోచించకుండా అనేశాను. అవతల అమ్మ గొంతు ఆగిపోయింది. "ఏమైందే? ఇంతదాకా వచ్చేవరకు మాకు చెప్పకుండా దాచావా?" అని ఏడుపు అందుకుంది. నర్సు బీపీ, బరువు చూస్తుందంతే అని ఎంత చెప్పినా నమ్మలేదు. తను బాధపడకూడదని నేను అబద్ధం చెబుతున్నానంది. ఆ రాత్రి అమ్మానాన్నా ఇద్దరూ నిద్రపోలేదని తర్వాత తమ్ముడు చెప్పాడు. మంగళవారం పని అయ్యాక గుమ్మం బయట నిలబడి వీడియోలో చూపించాను. ఎర్ర ఇటుకల రెండంతస్తుల ఇల్లు, ముందు చిన్న గులాబీ మడి, తలుపు పక్కన ఇత్తడి పలక మీద సర్జరీ అన్న అక్షరాలు. "ఇది ఆస్పత్రి కాదుగదే, ఎవరిదో ఇల్లు" అంది అమ్మ. అప్పుడు గానీ ఆమె మనసు కుదుటపడలేదు.

కొత్తగా వచ్చేవాళ్లకి అందుకే ముందుగా ఈ ఒక్క మాట గురించి చెబుతాను. తెలియని మాట వినబడితే అడిగి తెలుసుకుంటాం. సర్జరీ మనకి చిన్నప్పటి నుంచీ తెలిసిన మాట కాబట్టి అడగం. ఇక్కడ మామూలు సంభాషణలో సర్జరీ అంటే మన వీధి డాక్టరుగారి క్లినిక్. ఆయన్ని జీపీ అంటారు. జలుబు, పిల్లల టీకాలు, షుగరు మందులు, చివరికి పెద్దాస్పత్రికి పంపే ఉత్తరం, అన్నిటికీ మొదటి గుమ్మం అదే. పళ్ల డాక్టరు గదిని డెంటల్ సర్జరీ అంటారు. కుక్కల్నీ పిల్లుల్నీ తీసుకెళ్లే చోటూ సర్జరీయే.

ఈ అర్థం ఎలా వచ్చిందో తెలిస్తే మాట మర్చిపోరు. గ్రీకు మూలంలో దీని అర్థం చేతిపని. పూర్వం ఇక్కడ చదువుకున్న వైద్యుడు వేరు, కత్తి పట్టి చేతిపని చేసేవాడు వేరు. 1540లో లండన్ మంగలివారినీ సర్జన్లనీ కలిపి ఒకే సంఘం చేశారు. 1745 దాకా వాళ్లు విడిపోలేదు. మన ఊళ్లలోనూ గడ్డలు కోసి కట్టు కట్టే పని నాయీబ్రాహ్మణులు చేసినవాళ్లే కదా. చిన్న ఊళ్లలో మందులిస్తూ, గాయాలకి కుట్లు వేస్తూ ఇంట్లోనే ఒక గదిలో రోగుల్ని చూసినవాళ్లే మెల్లగా నేటి జీపీలయ్యారు. ఆ గది పేరే సర్జరీ. ఆస్పత్రి నుంచి వచ్చే ఉత్తరంలో సర్జన్ పేరు ముందు డాక్టర్ అని కాకుండా మిస్టర్ అనో మిస్ అనో ఉండటానికీ కారణం ఆ పాత తేడాయే. మిస్టర్ అని చూసి ఎవరో గుమాస్తా అనుకోకండి. మీకు ఆపరేషన్ చేసేది ఆయనే.

మరి ఏది ఏ అర్థంలో అన్నారో ఎలా పోల్చుకోవడం? పక్కనున్న చిన్న మాటలు వినండి. "ద సర్జరీ", "ఎట్ ద సర్జరీ", "అవర్ సర్జరీ" అంటే చోటు. "షి నీడ్స్ సర్జరీ" అని ముందు ఏమీ లేకుండా వస్తే కోత. "హార్ట్ సర్జరీ", "నీ సర్జరీ" (మోకాలిది) అని ఒంట్లో భాగం పేరు కలిసినా కోతే. ఆస్పత్రి ఉత్తరంలో "డే సర్జరీ" అని ఉంటే అదీ ఆపరేషనే, అదే రోజు ఇంటికి పంపేస్తారు. అన్నిటికన్నా తికమక పెట్టేది "డాక్టర్ ఈజ్ ఇన్ సర్జరీ దిస్ మార్నింగ్". జీపీ దగ్గర రిసెప్షనిస్టు అలా అంటే ఆయన పొద్దున రోగుల్ని చూస్తున్నారని అర్థం. మీకు జరిగిన ఆపరేషన్ గురించి చెప్పాల్సి వస్తే మన ఊళ్లో అన్నట్టే ఆపరేషన్ అనండి. ఇక్కడివాళ్లకీ అదే అలవాటు. అమెరికా నుంచి వచ్చినవాళ్లు ఇంకాస్త జాగ్రత్త పడాలి. అక్కడ డాక్టర్స్ ఆఫీస్ అనేదే ఇక్కడ సర్జరీ.

ఇల్లు దొరికిన వారంలోనే దగ్గరి సర్జరీలో పేరు నమోదు చేయించుకోండి. జ్వరం వచ్చాక చూద్దాంలే అనుకోవద్దు. వీసాతోపాటే ఆరోగ్య సర్‌ఛార్జీ కట్టి వచ్చారు కదా. 2024 ఫిబ్రవరి నుంచి అది పెద్దవాళ్లకి ఏడాదికి 1,035 పౌండ్లు, విద్యార్థులకీ 18 ఏళ్ల లోపు పిల్లలకీ 776 పౌండ్లు. నమోదుకి పైసా అక్కర్లేదు. ఒక ఫారం నింపాలి, చాలాచోట్ల ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. నన్ను మొదటిచోట గ్యాస్ బిల్లు లేదని వెనక్కి పంపేశారు. కొత్తగా వచ్చిన మనిషి పేరు మీద బిల్లు ఎక్కడి నుంచి వస్తుంది? అలా పంపకూడదని నాకు అప్పుడు తెలియదు. ఇంగ్లండ్‌లో చిరునామా రుజువు గానీ వీసా కాగితాలు గానీ లేవన్న కారణంతో నమోదు నిరాకరించకూడదు. మర్యాదగా ఆ సంగతి చెప్పండి. నమోదయ్యాక పది అంకెల ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) నంబరు వస్తుంది, రాసి దాచుకోండి.

పొద్దున ఎనిమిదింటికే సర్జరీకి ఫోన్ చేస్తే ఆ రోజు అపాయింట్‌మెంట్ దొరికే అవకాశం ఎక్కువ. సర్జరీ మూసేశాక ఏదైనా వస్తే 111, ప్రాణం మీదికొస్తే 999. ఇంగ్లీషులో నొప్పి చెప్పుకోలేని పెద్దవాళ్ల కోసం తెలుగు దుబాసీ కావాలని అడగండి, డబ్బు తీసుకోరు. పిల్లల్ని కూర్చోబెట్టి అమ్మమ్మ జబ్బు తర్జుమా చేయించకండి.

పురుడు పొయ్యడానికి విజిటర్ వీసా మీద వచ్చే అమ్మలకీ అత్తయ్యలకీ కూడా ఇక్కడ జీపీని చూడటం ఉచితమే. మూడు నెలల లోపు ఉండేవాళ్లని తాత్కాలికంగా రాసుకుంటారు. ఆస్పత్రిలో చేరితే మాత్రం వేరు. చికిత్స ఖర్చుకి ఒకటిన్నర రెట్లు వసూలు చేస్తారు. వాళ్లు విమానం ఎక్కేముందే ఇన్సూరెన్స్ తీసుకోండి.

ఇంకో సర్జరీ ఉంది. లైబ్రరీ గోడ మీద "ఎంపీస్ సర్జరీ" అన్న కాగితం చూసి మీ ఎంపీ వైద్యం చేస్తారనుకోకండి. జనం కష్టాలు వినడానికి ఆయన కూర్చునే వేళ అది, ఎక్కువగా శుక్ర, శనివారాల్లో. చాలాచోట్ల ముందుగా సమయం తీసుకోవాలి. ఓటు లేకపోయినా ఆ నియోజకవర్గంలో ఉంటే చాలు. అన్నట్టు, వీసా మీద ఉంటున్న భారతీయులకి కామన్వెల్త్ పౌరులుగా ఇక్కడ ఓటూ ఉంది, నమోదు చేసుకోండి. వీసా నిర్ణయం నెలల తరబడి రాకపోతే ఎంపీ, వీసాలు చూసే ప్రభుత్వ శాఖ హోం ఆఫీసుకి మీ తరఫున రాస్తారు. వెళ్లేటప్పుడు దరఖాస్తు నంబరు, పాస్‌పోర్టు నకలు, మీ పోస్ట్‌కోడ్ ఉన్న ఉత్తరం ఒకటి పట్టుకెళ్లండి.