ముసురులో పంది పక్కటెముకలకు పొగ పెట్టడం

మా కావలిలో నవంబరు ముసురు పట్టిందంటే వదలదు. అయినా నేను పొయ్యి ఆపను. పొగపెట్టే డ్రమ్మును పెరట్లో, రేకుల చూరు అంచున పెడతాను. వసారా లోపల మాత్రం వద్దు, బొగ్గు పొగ ప్రాణం తీస్తుంది.

వానకంటే గాలితోనే పేచీ. డ్రమ్ము పక్కల నుంచి వేడిని లాగేస్తుంది, కింది రంధ్రంలోంచి దూరి నిప్పును రాజేస్తుంది. అందుకే ఈశాన్యం వైపు రెండు పాత రేకులు నిలబెడతాను.

ఎముకల వెనక పల్చటి పొర ఉంటుంది. చెంచా కాడతో ఓ మూల లేపి, పొడిగుడ్డతో పట్టి లాగండి. అది ఉంటే ఉప్పూకారం పట్టదు, పంటికింద రబ్బరులా సాగుతుంది. ఉప్పు, మిరియాలు, కారం, కాస్త బెల్లంపొడి ముందురాత్రే పట్టించాలి.

మామిడి కట్టె ఎండినదే వాడండి, ఇంట్లోనే దాచుకోండి. తడికట్టె తెల్లటి దట్టమైన పొగ కక్కి మాంసాన్ని చేదు చేస్తుంది. సన్నగా నీలంగా లేచే పొగ కావాలి.

డ్రమ్ము లోపల వేడి 110 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. పోయినేడు టెన్షన్‌తో అరగంటకోసారి మూత తీశాను, వేడి పోయి మధ్యాహ్నం భోజనం రాత్రికి గానీ కాలేదు. 5, 6 గంటలు పడుతుంది, ముసురులో ఇంకో గంట. పట్టుకారుతో ఎత్తితే పక్కటెముకల బద్ద వంగి పైమాంసం చీలాలి. అప్పుడు దించండి.