తిరుపతి ఎండలో గులాబీ రేకుల సక్యులెంట్లను పెంచడం ఎలా?

విచ్చుకున్న గులాబీలా ఆకులను వలయాలుగా పేర్చుకునే ఎచెవేరియా ఒక సక్యులెంట్, అంటే దళసరి ఆకుల్లో నీటిని దాచుకునే మొక్క. దాని పుట్టిల్లు మెక్సికో కొండసీమలు. అక్కడ పగలు ఎండ తీక్షణంగా ఉన్నా రాత్రులు చల్లబడతాయి. తిరుపతిలో వేసవి రాత్రులు ఉక్కపోతగా ఉంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల ముసురు ఉంటుంది. అందువల్ల ఇక్కడ ఈ మొక్కలు ఎండి చనిపోవడం అరుదు, కుళ్లి చనిపోవడమే ఎక్కువ. పలమనేరు, మదనపల్లె వంటి ఎత్తు ప్రాంతాలవారికి పని కొంత సులువు.

వానలు తెరిపిచ్చాక, జనవరిలో మొక్కను తెచ్చుకోవడం మంచిది. నర్సరీ మొక్కల వేళ్ల చుట్టూ తరచుగా కొబ్బరి పొట్టు ఉంటుంది. అది నీటిని రోజుల తరబడి పట్టి ఉంచుతుంది కనుక మెల్లగా దులిపివేసి, మొక్కను రెండు రోజులు నీడలో ఆరనివ్వాలి. ఒక వంతు ఎర్రమట్టి, రెండు వంతుల ముతక ఇసుక, ఒక వంతు సెనగగింజంత ఇటుక ముక్కలు, గుప్పెడు బాగా మాగిన పశువుల ఎరువు కలిపి, అడుగున చిల్లు ఉన్న మట్టి కుండీలో నింపాలి. ఇసుకను ముందుగా జల్లెడ పట్టి సన్నటి పొడిని పారవేయడం మరువకూడదు, ఎందుకంటే ఆ పొడే తడిసి గట్టిపడి వేళ్లకు గాలి ఆడనివ్వదు. పోసిన నీరు పైన నిలవకుండా వెంటనే కిందికి దిగిపోతే మిశ్రమం కుదిరినట్లే.

చీపురుపుల్లను కుండీ అడుగుదాకా గుచ్చి తీసినప్పుడు తడి అంటకపోతేనే నీరు పోయాలి. ఈ మొక్కల ఆకు రంధ్రాలు రాత్రివేళ తెరుచుకుంటాయి. కనుక వేసవిలో సాయంత్రం, అదీ పది పదిహేను రోజులకొకసారి కొద్దిగా పోస్తే చాలు. ఆకుల నడుమ నీరు నిలిస్తే దూదితో అద్ది తీయాలి; అయితే ఆకులపై ఉండే తెల్లటి మైనపు పొడిని తుడవకూడదు, అది మొక్కకు ఎండ నుంచి రక్షణ. ముసురు రోజుల్లో కుండీలను తప్పనిసరిగా చూరు కిందికి చేర్చాలి.

ఆకుల అంచుల ఎరుపు, ఊదా రంగులు ఎరువు వేస్తే వచ్చేవి కావు. బలమైన వెలుతురు, చల్లని రాత్రులు కలిసినప్పుడే అవి తేరుతాయి. జనవరిలో మెరిసిన మొక్క మే నెలలో ఆకుపచ్చగా మారితే జబ్బు అనుకోనక్కరలేదు. ఉదయం పూట నాలుగు గంటల పాటు ఎండ దానికి మేలు. మార్చి చివరి నుంచి యాభై శాతం ఎండను ఆపే షేడ్ నెట్ (నీడ వల) అవసరం.

ఇంటిలోపలైతే తూర్పు కిటికీ గట్టు తప్ప మరో చోటు నేను సూచించను. గది మధ్యలో పెడితే కాండం సాగి, ఆకుల మధ్య ఎడం పెరుగుతుంది. సాగినది మళ్లీ దగ్గరపడదు, తలను కోసి నాలుగు రోజులు ఆరబెట్టి నాటుకోవలసిందే. వెలుతురు తక్కువైన ఇళ్లకు హవోర్తియా అనే మరో సక్యులెంట్ నయం, అయితే అంత రంగు రాదు.

కొత్త మొక్కలకు విత్తనం అక్కరలేదు. మన పెరళ్లలోని రణపాల కూడా ఈ కుటుంబానిదే; దాని ఆకు అంచున పిలకలు వస్తే, ఎచెవేరియా ఆకుకు కాండాన్ని అంటి ఉండే మొదలు దగ్గర వస్తాయి. కనుక ఆకును తుంచకుండా, మొదలు తెగకుండా పక్కలకు కదిపి ఊడదీసి, మూడు రోజులు ఆరబెట్టి, ఇసుక మట్టిపై పడుకోబెట్టాలి. కొన్ని వారాలకు గులాబీరంగు వేళ్లు, ఆపై చిట్టి పిలక కనిపిస్తాయి. తల్లి ఆకు తనంత తాను వడలి రాలేదాకా దానిని లాగకూడదు, పిలకకు అప్పటిదాకా ఆహారం అదే.