పండుగకు సెలవు, పాత కట్టడానికి రక్షణ: అర్జీ పెట్టే పద్ధతి

కోనసీమలోనూ నరసాపురం ప్రాంతంలోనూ మైనారిటీ మతాల పెద్దలు తమ పండుగకు సెలవును, పాత ప్రార్థనాస్థలానికి రక్షణను ఒకే అర్జీలో కోరుతుంటారు. ఇవి వేర్వేరు శాఖల పనులు కనుక వేర్వేరు అర్జీలు రాయాలి.

సెలవు సంగతి కొంత సులభం. సాధారణ పరిపాలన శాఖ ఏటా ఉత్తర్వు ఇస్తుంది. రంజాన్, బక్రీద్, గుడ్‌ఫ్రైడే, క్రిస్మస్ సాధారణ సెలవులు కాగా, బుద్ధ పూర్ణిమ, మహావీర జయంతి, షబే బరాత్ వంటివి ఐచ్ఛిక సెలవుల జాబితాలో ఉంటాయి. వీటిలో ఐదింటి వరకు, ఏ మతానికి చెందిన ఉద్యోగి అయినా ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకొని వాడుకోవచ్చు. జాబితాలో లేని పండుగ కోసమైతే, ఉత్తర్వు వెలువడకముందే, అక్టోబరు నాటికి, అర్జీ చేరాలి.

కట్టడం విషయంలో ఓపిక కావాలి. అది ఇప్పటికే రక్షిత జాబితాలో ఉందేమో ముందు చూసుకోవాలి. మామిడికుదురు మండలం ఆదుర్రులోని బౌద్ధ స్థూపపు దిబ్బ, ఉదాహరణకు, కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. లేనిపక్షంలో, పురాతన కట్టడాల రక్షణకు ఉన్న 1960 నాటి రాష్ట్ర చట్టాన్ని ఉటంకిస్తూ రాష్ట్ర పురావస్తు శాఖకు రాయాలి. 1958 నాటి కేంద్ర చట్టం కిందనైతే కట్టడానికి నూరేళ్లు నిండి ఉండాలి, ప్రకటన తరువాత అభ్యంతరాలకు రెండు నెలల గడువు ఉంటుంది.

వయసును నిరూపించేది కాగితమే. రాజమహేంద్రవరం మసీదు ప్రాచీనతను 1324 నాటి శాసనమే చెబుతోంది. అంత భాగ్యం లేని చోట సర్వే నంబరు, అడంగల్, వక్ఫ్ గెజిట్, చర్చి బాప్తిస్మ రిజిస్టరు, పాత ఫోటోలు జతచేయాలి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి: పరిశీలన జరిగేవరకు గోడలకు సిమెంటు పూయవద్దు, టైల్స్ వేయవద్దు. ఉప్పునీటి చెమ్మ ఎక్కే మన నేలలో గానుగ సున్నం గోడ ఊపిరి పీల్చుకుంటుంది, సిమెంటు పూత చెమ్మను లోపలే బంధిస్తుంది. పైగా ప్రాచీనతకు సాక్ష్యం కూడా దానికిందే పోతుంది. భక్తితో చేసిన బాగుచేతే గుర్తింపుకు అడ్డం కావడం ఎంతో బాధాకరం.

రక్షణలోకి వెళితే ప్రార్థనలు ఆగిపోతాయని కొందరు భయపడతారు. కేంద్ర చట్టం 16వ సెక్షను ప్రకారం రక్షిత ప్రార్థనాస్థలాన్ని దాని స్వభావానికి విరుద్ధంగా వాడకూడదు. అయితే రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపై మరో 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి. ఈ సంగతి పొరుగువారికి ముందే చెప్పి, వారి సంతకాలతో అర్జీని సోమవారం కలెక్టరేటులో ఇచ్చి రసీదు తీసుకోవాలి.