వాడేసిన వంటనూనెతో బట్టల సబ్బు: చెన్నైలో చిన్న యూనిట్ పెట్టాలనుకునే వాళ్ళ కోసం

బజ్జీలు వేసిన మూకుడులో మిగిలిన నల్లనూనె సింకులో పోస్తే పైపులో గడ్డకడుతుంది. ఎవరికి పోతోందో చూడకుండా అమ్మేస్తే ఇంకో బండి మీద మళ్ళీ మూకుడెక్కుతుంది. ఈ రెండు దారులనూ మూసేసే పని బట్టల సబ్బు చేయడం. నలుగురైదుగురు ఆడవాళ్ళు కలిసి, గాలి ఆడే షెడ్డు ఒకటి చూసుకుంటే పెరంబూరులోనైనా చూళైలోనైనా మొదలుపెట్టవచ్చు.

అయితే కిలో నూనెకి ఇంత కాస్టిక్ సోడా అని ఎక్కడో చూసిన లెక్క పట్టుకుని మొదలుపెట్టకండి. కొత్త నూనెకి సరిపోయే లెక్క అది. వాడేసిన నూనె ఒక్కో డ్రమ్ములో ఒక్కో రకంగా ఉంటుంది. కాస్టిక్ ఎక్కువైతే ఉతికేవాళ్ళ చేతులు పొక్కుతాయి, తక్కువైతే సబ్బు జిడ్డుగా ఉండి నెలలోపే ముక్కిన వాసన పడుతుంది. ఏ డ్రమ్ముకి ఆ డ్రమ్ము కొలవాల్సిందే.

నూనె సేకరణ

వేపుడు నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్లు (నూనె పదేపదే కాగి చెడినప్పుడు పుట్టే పదార్థాలు) 25 శాతం దాటితే వంటకి వాడకూడదనే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నిబంధన 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. అదే ఏడాది ఆగస్టులో, వాడేసిన నూనెను బయోడీజిల్‌కి మళ్ళించే రూకో పథకం మొదలైంది. రోజుకు 50 లీటర్లకు మించి వేపుడు నూనె వాడే హోటళ్ళు లెక్కలు రాసి, మిగిలిన నూనెను అనుమతి ఉన్న సంస్థలకే ఇవ్వాలి. అందుకని పెద్ద హోటళ్ళ వెంట పడకండి. అపార్ట్‌మెంట్లు, పెళ్ళివంటల మాస్టర్లు, మురుకులూ చెక్కలూ చేసే చిన్న యూనిట్లు మీకు సరైన చోట్లు.

రిజిస్టరు మొదటిరోజు నుంచే పెట్టండి. తేదీ, ఇచ్చినవాళ్ళు, ఎన్ని కిలోలు, ఏ నూనె, ఏ బ్యాచ్‌లో వాడారు అన్నవి రాస్తే చాలు. మా నూనె ఏమైంది అని ఎవరు అడిగినా పేజీ తీసి చూపించగలగాలి. ఇచ్చేవాళ్ళకి మీ మీద నమ్మకం కుదిరేది అక్కడే.

పామోలిన్ ఒక డ్రమ్ములో, సన్‌ఫ్లవర్ ఇంకో డ్రమ్ములో వేయండి. చేపలు వేపిన నూనె వేరే పెట్టాలి, ఆ వాసన ఏం చేసినా పూర్తిగా పోదు. ఇనుప డబ్బాలు వద్దు. ఇనుము కొద్దిగా కలిసినా నూనె త్వరగా పాడై, తర్వాత సబ్బు మీద నారింజ రంగు మచ్చలు వస్తాయి. మందపాటి ప్లాస్టిక్ క్యాన్లు వాడండి.

శుభ్రం చేయడం

రెండు రోజులు కదపకుండా ఉంచి పైనూనె మాత్రం వంచుకోండి. అడుగు మడ్డిలో పిండి, కారం, మాడు ఉంటాయి. వంచిన నూనెను మల్‌మల్ గుడ్డ నాలుగు మడతలు వేసి వడకట్టండి. ఆ తర్వాత నూనె ఎంతో అంత వేడినీళ్ళు, లీటరు నీళ్ళకి పెద్ద చెంచాడు కల్లుప్పు వేసి, 60 డిగ్రీల లోపు వేడి మీద పది నిమిషాలు కలియబెట్టి ఒక రాత్రి వదిలేయాలి. ఉప్పు, మసాలా, వాసనలో కొంత భాగం నీళ్ళతో కిందికి దిగుతాయి. ఆ నీళ్ళు తీసేశాక నూనెను 105 డిగ్రీల దాకా నెమ్మదిగా కాచి, బుడగలు రావడం ఆగేదాకా ఉంచండి. తడి మిగిలితే తూకం తప్పుతుంది, తూకం తప్పితే కాస్టిక్ లెక్కా తప్పుతుంది. నూనె మరీ నల్లగా ఉంటే ఈ వేడిలోనే కిలోకి 20 గ్రాముల ముల్తానీ మట్టి వేసి, ఇరవై నిమిషాలు తిప్పి, మళ్ళీ వడకట్టండి.

అసలు పని: కొలత

డ్రమ్ము బాగా కలిపి, 100 మి.లీ. నమూనా తీసి, దగ్గర్లోని కాలేజీ కెమిస్ట్రీ విభాగంలోనో చిన్న ప్రైవేటు ల్యాబులోనో సపోనిఫికేషన్ విలువ చేయించండి. ఒక గ్రాము నూనె సబ్బు కావడానికి ఎన్ని మిల్లీగ్రాముల కాస్టిక్ పొటాష్ పడుతుందో చెప్పే అంకె అది. పద్ధతి పాతదే. 2 గ్రాముల నూనెలో 25 మి.లీ. అర నార్మల్ ఆల్కహాలిక్ పొటాష్ పోసి గంటసేపు రిఫ్లక్స్ చేస్తారు, అంటే ఆవిరి బయటికి పోకుండా మరిగిస్తారు. మిగిలిన క్షారాన్ని, క్షారంలో గులాబీ రంగు చూపే ఫినాఫ్తలీన్ వేసి, అర నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో టైట్రేట్ చేస్తారు, అంటే రంగు పోయేదాకా ఎంత ఆమ్లం పట్టిందో కొలుస్తారు. నూనె లేకుండా ఖాళీగా ఇంకొకటి చేసి పోలుస్తారు. ఖాళీదానికి 24.6 మి.లీ., నూనె ఉన్నదానికి 10.6 మి.లీ. పట్టాయనుకోండి. తేడా 14ని 28.05తో గుణించి 2తో భాగిస్తే 196 వస్తుంది. పొటాష్ లెక్కని కాస్టిక్ సోడాకి మార్చడానికి దాన్ని 0.713తో గుణిస్తే 140. అంటే ఆ డ్రమ్ములో కిలో నూనెకి 140 గ్రాముల కాస్టిక్ సోడా పడుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. వాడిన నూనెలో ఫ్రీ ఫ్యాటీ యాసిడ్లు (నూనె విరిగి విడిపోయిన ఆమ్లాలు) ఎక్కువ, కాబట్టి పైన ఇంకాస్త కాస్టిక్ కలపాలి అంటారు. అది బయోడీజిల్ చేసేవాళ్ళ లెక్క, సబ్బుకి వర్తించదు. సపోనిఫికేషన్ విలువలో ఆ ఆమ్లాల వాటా కూడా కలిసే వస్తుంది. మళ్ళీ కలిపితే కాస్టిక్ మిగిలిపోతుంది.

ఇప్పుడు 10 కిలోల బ్యాచ్ చూద్దాం. పాత పామోలిన్ 8 కిలోలు, నురగ కోసం, గట్టిదనం కోసం కొబ్బరినూనె 2 కిలోలు. పామోలిన్‌కి 8 × 140 = 1,120 గ్రాములు. కొబ్బరినూనెకి కిలోకి 183 చొప్పున 366. మొత్తం 1,486. చేతుల భద్రత కోసం 4 శాతం తగ్గించాలి, అంటే కొంత నూనె సబ్బు కాకుండా మిగులుతుంది. 1,427 అవుతుంది. ప్యారిస్ కార్నర్ చుట్టుపక్కల కెమికల్ షాపుల్లో దొరికే ఫ్లేక్స్ 98 శాతం శుద్ధి అనుకుంటే 0.98తో భాగించాలి. 1,456 గ్రాములు తూచాలి. చెన్నై గాలిలో మూత తీసి ఉంచిన కాస్టిక్ తేమనీ కార్బన్ డయాక్సైడ్‌నీ పీల్చుకుని బలం తగ్గిపోతుంది, గడ్డకట్టిన సంచి ఏ ధరకి వచ్చినా కొనకండి.

బోరు నీళ్ళలో వాడే సబ్బు కాబట్టి 150 గ్రాముల సిట్రిక్ ఆమ్లం కూడా వేయడం మంచిది. అది కాస్టిక్‌తో కలిసి సోడియం సిట్రేట్‌గా మారి నీళ్ళలోని కాల్షియంని కొంత పట్టుకుంటుంది. మచ్చలు రాకుండానూ సాయపడుతుంది. దానికోసం కాస్టిక్ ఇంకో 87 గ్రాములు పెరగాలి, మొత్తం 1,543. నీళ్ళు 3.1 లీటర్లు, ఆర్వో నీళ్ళే వాడండి.

ల్యాబు ఫలితం రావడానికి ఆలస్యమైతే పెద్ద బ్యాచ్ ఆపండి. కావాలంటే అర కిలో నూనెతో, కిలోకి 135 గ్రాముల చొప్పున వేసి నమూనా సబ్బు చేసి చూసుకోండి.

తయారీ

కళ్ళద్దాలు, మోచేతుల దాకా రబ్బరు గ్లోవ్స్, చీర మీద మందపాటి ఏప్రన్, కాళ్ళకి మూసి ఉండే చెప్పులు. ఇవి లేనివాళ్ళని కాస్టిక్ దగ్గరికి రానివ్వకండి. చర్మం మీద పడితే ధారగా నీళ్ళు పోస్తూ ఇరవై నిమిషాలు కడగాలి. కంట్లో పడితే కడుగుతూనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. వెనిగర్ బండ తుడవడానికి పనికొస్తుంది, ఒంటి మీద పోయకూడదు.

స్టీలు గిన్నెగానీ మందపాటి పాలీప్రొపిలిన్ బకెట్‌గానీ తీసుకోండి. అల్యూమినియం అసలు వద్దు, కాస్టిక్ దాన్ని తినేస్తూ మండే హైడ్రోజన్ వదులుతుంది. నీళ్ళలో సగాన్ని ఐసు ముక్కలుగా వేసి, ముందు సిట్రిక్ ఆమ్లం కరిగించండి. తర్వాత కాస్టిక్‌ని గుప్పెడు గుప్పెడుగా నీళ్ళలో వేస్తూ కలపాలి. కాస్టిక్ మీద నీళ్ళు పోస్తే చిమ్ముతుంది. ఐసు లేకుండా ఒకేసారి వేస్తే ద్రావణం 95 డిగ్రీల దాకా పోతుంది.

ద్రావణం చల్లారి 35కి దిగాక, నూనె కూడా 35–38 మధ్య ఉన్నప్పుడు, సన్నటి ధారగా నూనెలోకి పోస్తూ డ్రిల్ మెషీన్‌కి తగిలించిన స్టీలు ప్యాడిల్‌తో తిప్పండి. కొత్త నూనెకి ఇంకాస్త వేడి ఉన్నా ఫరవాలేదు. పాత నూనెలో ఉండే ఫ్రీ ఫ్యాటీ యాసిడ్లు కాస్టిక్ తగలగానే సబ్బవుతాయి, అందుకే వేడిగా ఉంటే రెండు నిమిషాల్లోనే ముద్దకట్టి ప్యాడిల్ తిరగదు. జారు దోసెపిండిలా అయి, పైన వేసిన చుక్క గుర్తు క్షణంపాటు నిలిచినప్పుడు అచ్చులో పోయాలి. చిక్కబడినట్టే కనిపించి పైన నూనె తేలుతోందంటే ఇంకా కలవలేదని అర్థం. తిప్పుతూనే ఉండండి.

అచ్చుకి చెక్కపెట్టె, లోపల మందపాటి పాలిథిన్ షీటు చాలు. చల్లని ఊళ్ళలో పైన దుప్పటి కప్పమంటారు. ఇక్కడ మే నెలలో కప్పితే సబ్బు లోపల వేడెక్కి మధ్యలో పొంగి పగులుతుంది. కప్పకుండా ఫ్యాను గాలికి పెట్టండి. ఒకరోజు దాటాక సన్నటి స్టీలు తీగతో కోయాలి. ఆరేటప్పుడు పది పన్నెండు శాతం బరువు తగ్గుతుంది కాబట్టి 100 గ్రాముల బిళ్ళ కావాలంటే 115 గ్రాములకి కోయండి. బ్యాచ్‌కి 120 దాకా వస్తాయి.

నాలుగు వారాలు చెక్క అరల మీద, మధ్యలో సందు వదిలి ఆరబెట్టాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమకి సబ్బులోని గ్లిజరిన్ నీళ్ళు పీల్చి బిళ్ళల మీద చెమటలా చుక్కలు పడతాయి. సబ్బు పాడైనట్టు కాదు, ఫ్యాను పెట్టి ఇంకో రెండు వారాలు ఉంచండి. ప్లాస్టిక్‌లో మాత్రం చుట్టొద్దు, కాగితమే వాడండి.

పైన తెల్లగా బూజులా కనిపించేది సోడా పొర, గీకేస్తే పోతుంది. కోసినప్పుడు లోపల తెల్లటి గింజలూ తడి గుంటలూ ఉంటే అది కలవని కాస్టిక్, ఆ బ్యాచ్ అమ్మకూడదు.

అమ్మే ముందు పరీక్ష

నాలుకకి తగిలించి చూసే అలవాటు మానండి. 5 గ్రాముల సబ్బు తురుముని 50 మి.లీ. వేడి ఆల్కహాల్‌లో కరిగించి ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు వేయండి. నీళ్ళలో కరిగిస్తే మంచి సబ్బు కూడా గులాబీ రంగు చూపిస్తుంది, అందుకే ఆల్కహాల్. రంగు వస్తే దశాంశ నార్మల్ (0.1 నార్మల్) హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో టైట్రేట్ చేయండి. ప్రతి మి.లీ.కి 0.08 శాతం కాస్టిక్ మిగిలిందని లెక్క. 0.1 దాటితే బ్యాచ్ ఆపండి. ఉదాహరణకి 13 కిలోల సబ్బులో 0.4 శాతం ఉందంటే 52 గ్రాములు. దాన్ని కిలోకి 140 పట్టే నూనె 370 గ్రాములు మింగేస్తుంది. ఇంకో 50 గ్రాములు చేర్చి, బిళ్ళలు తురిమి, కొద్దిగా నీళ్ళు చల్లి, సన్నసెగ మీద కలిపి మళ్ళీ అచ్చు పోయండి.

ఉడికించి, ఉప్పువేసి విడగొట్టే పద్ధతిలో సబ్బు ఇంతకన్నా తెల్లగా వస్తుంది. కానీ ప్రతిసారీ క్షారం కలిసిన ఉప్పునీళ్ళు బకెట్లకొద్దీ మిగులుతాయి. అవి వాన కాలువలో పడి కూవం నదిలో చేరేట్టయితే ఈ పని మొదలుపెట్టిన ఉద్దేశమే దెబ్బతింటుంది. చిన్న యూనిట్‌కి పైన చెప్పిన, ఉడికించని చల్లని పద్ధతే నయం.

అమ్మకం

ఒంటికి రాసుకునే సబ్బు కాస్మెటిక్ కిందికి వస్తుంది, 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం తయారీ లైసెన్సు కావాలి. మీది బట్టల సబ్బు, అట్టమీద పెద్ద అక్షరాలతో అదే రాయండి. 'కెమికల్స్ లేవు' అని రాయొద్దు, అది అబద్ధం. వాడేసిన వంటనూనెతో చేసింది అన్న నిజమే కొనిపిస్తుంది. ప్యాకెట్ మీద బరువు, ఎంఆర్‌పీ, తయారీ నెల, ఏడాది, తయారీదారు పేరు, చిరునామా, ఫిర్యాదుకి ఫోన్ నంబరు ఉండాలి. కొనేవాళ్ళలో ఎక్కువమంది చదివేది తమిళం, కాబట్టి వాడే విధానం తమిళంలోనూ ఉండాలి.

ఆ విధానంలో ఒక ముక్క తప్పకుండా రాయండి. బోరు నీళ్ళలో ఏ సబ్బయినా తెల్లటి తెట్టు కడుతుంది. లీటరుకు 300 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్న 15 లీటర్ల బకెట్‌లో ముందుగా 5 గ్రాముల పొడి వాషింగ్ సోడా (సోడా యాష్), అంటే చిన్న చెంచాడు, కలిపి ఆ తర్వాత సబ్బు వాడమనండి. చెప్పకపోతే నురగ రావడం లేదని రెండో బిళ్ళ కొనరు. చేట్‌పేట్ దోభీఖానాలో పదిమందికి ఒక్కో బిళ్ళ ఇచ్చి చూడండి. రోజంతా ఉతికేవాళ్ళకి అది ఎలాంటి సబ్బో ఒక్క పూటలో తెలిసిపోతుంది.

ధర కట్టేటప్పుడు కూలీ మర్చిపోవడమే సంఘాలు దెబ్బతినే చోటు. శుభ్రం చేయడం నుంచి కాగితం చుట్టడం దాకా బ్యాచ్‌కి తొమ్మిది గంటల పని అనుకోండి. గంటకి 70 రూపాయల చొప్పున 630. పాత నూనె 360, కొబ్బరినూనె 600, కాస్టిక్ 100, మిగతా సరుకు 100, కాగితం 150, అద్దె, కరెంటు 200. మొత్తం 2,140, అంటే బిళ్ళకి దాదాపు 18 రూపాయలు. ఇవి లెక్క చూపడానికి వేసిన అంకెలు, మీ చోట ధరలు వేసుకోండి. కూలీ తీసేసి 13కే అమ్మితే ఆ తేడా భరించేది పనిచేసిన ఆడవాళ్ళే.

అన్నిటికంటే త్వరగా మారేది కొబ్బరినూనె ధర. అది పెరిగినప్పుడు 2 కిలోల బదులు 1 కిలో వేసి, పామోలిన్ 9 కిలోలు చేయొచ్చు. నురగ తగ్గుతుంది, ఉతకడానికి ఇబ్బంది లేదు. కానీ కాస్టిక్ 1,456 నుంచి 1,414కి తగ్గాలి, సిట్రిక్ ఆమ్లం వాటా 87 మామూలే. పాత కొలతే వేస్తే చేతుల కోసం వదిలిన 4 శాతం నూనె 1 శాతానికి పడిపోతుంది. అందుకని సరుకు ఏది మార్చినా, గోడకి అంటించిన కొలతల కాగితం అదేరోజు చింపేసి కొత్తది అంటించండి.